బదిలీ చేసి పంపిద్దామన్నారు

2022 అక్టోబరు. మునుగోడు ఉప ఎన్నికతో మా ఊళ్లు దద్దరిల్లుతున్నాయి. ఎక్కడ చూసినా కార్లు, కండువాలు, రాత్రయితే దావతులు. ఆ నియోజకవర్గంలోనే ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు నేను అప్పుడు ప్రధానోపాధ్యాయురాలిని. బడి పేరు, తండా పేరు రాయను. రాస్తే నేను చెప్పబోయే అమ్మాయి ఎవరో చుట్టుపక్కల వాళ్లు పోల్చుకుంటారు. బాధితురాలిని బయటపెట్టడం చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం లేకపోయినా రాసేదాన్ని కాదు.

ఎనిమిదో తరగతి పిల్ల. దసరా సెలవులయ్యాక బడికి రావడం మానేసింది. పత్తి ఏరే రోజుల్లో పిల్లలు మానడం మా దగ్గర కొత్త కాదు, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. ఆమె రానిది పత్తి కోసం కాదని, సారు భయానికని ఆమె స్నేహితురాలు మా హిందీ టీచరుతో చెప్పింది. అదే రోజు మధ్యాహ్నం మేమిద్దరం తండాకు వెళ్లాం. తల్లి ఒడిని ఆనుకొని కూర్చుని ఆ పిల్ల చెప్పింది. చెప్పిన పేరు మా స్టాఫ్‌రూములో రోజూ మాతో కలిసి అన్నం తినే ఒక మాస్టారిది.

ఏం చెప్పిందో ఇక్కడ రాయను. ఒక్కసారే విన్నాను, మళ్లీ అడగలేదు. ఇవే మాటలు ఈ పిల్ల ఇంకా ఎందరి ముందు చెప్పాల్సి వస్తుందో అన్న భయం నాకు అప్పుడే పట్టుకుంది. ఆమె అన్నది అన్నట్టే కాగితం మీద రాసుకున్నాను. నా మాట ఒక్కటీ కలపలేదు.

పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలని దాని 19వ సెక్షను అంటుంది. చెప్పనివాళ్లకు 21వ సెక్షను కింద 6 నెలల దాకా జైలు. సంస్థ బాధ్యత మోస్తున్నవాళ్లు తమ కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా కూడా. శిక్షణ తరగతుల్లో ఇదంతా విన్నదే. వినడం వేరు, తండా నుంచి తిరిగి వస్తూ స్కూటీ మీద ఆ కాగితం సంచిలో పెట్టుకోవడం వేరు.

బడికి వచ్చేసరికే విషయం పొక్కింది. "ముందు మనమే ఒక కమిటీ వేసుకుందాం మేడం. అబద్ధమైతే ఆయన బతుకేం గావాలె?" అన్నారు సీనియర్ మాస్టారొకరు. ఆ మాటను తీసిపారేయలేను. ఆ మనిషికీ ఆడపిల్లలున్నారు, వాళ్లను పుట్టినప్పటి నుంచీ నేనెరుగుదును. కానీ కమిటీ అంటే ఏమిటి? ఆ పిల్లను అతని స్నేహితుల ముందు నిలబెట్టి మళ్లీ చెప్పించడం. ఈలోగా తండ్రిని కలవడానికీ, తోటి పిల్లలను బెదిరించడానికీ అతనికి టైం ఇవ్వడం. బడిలో కొట్లాట నుంచి కొళాయి దాకా అన్నీ తేల్చేది హెడ్మాస్టరే. ఇది మాత్రం తేల్చే పని నాది కాదు. నిజమో అబద్ధమో పోలీసులు దర్యాప్తు చేయాలి, కోర్టు చెప్పాలి. నా వంతు తెలిసింది తెలిసినట్టు వెంటనే చెప్పడం వరకే. ఇన్నేళ్ల సర్వీసులో అంత చిన్న పని, అంత బరువైన పని ఇంకోటి నా మీద పడలేదు.

పై అధికారి ఒకరికి ఫోన్ చేశాను. "అందరం ఎలక్షన్ డ్యూటీల్లో ఉన్నామమ్మా, పోలింగయ్యాక చూద్దాం. అప్పటిదాకా ఆయన్ని డిప్యుటేషన్ మీద ఇంకో బడికి పంపుదాం" అన్నారు. సాయంత్రం ఊరి పెద్దమనుషులు వచ్చారు. వాళ్లదీ అదే మాట: "బదిలీ చేసి పంపిద్దాం మేడం. పోరి ఇజ్జత్, ఊరి ఇజ్జత్ రెండూ దక్కుతయి." ఆ ఇంకో బడిలో ఆడపిల్లలు చదవరా? ఇన్నేళ్లలో ఈ బదిలీ మాట నేను వినడం అది మొదటిసారి కాదు. మన బళ్లలో ఇలాంటివి మూసిపెట్టడానికి వాడే ఉపాయాలన్నింటిలో ఇదే ఎక్కువ హాని చేస్తుందని నా నమ్మకం. బదిలీతో చెడ్డపేరు ఊరు దాటిపోతుంది, మనిషి మాత్రం ఇంకో తరగతి గదిలోకి నడిచి వెళ్తాడు.

ఆ రాత్రే హిందీ టీచరుతో స్టేషనుకు వెళ్లాను. ఎస్సై బందోబస్తులో ఉన్నాడు. ఆయన వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చున్నాం. ఫిర్యాదు ఇచ్చి రసీదు అడిగి తీసుకున్నాం. మర్నాడు ఒక మహిళా ఎస్సై మామూలు చీరలో తండాకు వెళ్లి, ఇంట్లోనే పిల్ల మాట రాసుకుంది. యూనిఫాం లేకుండా, పిల్ల ఉన్నచోటికే వెళ్లాలని చట్టంలో ఉంది. ఆమె దాన్ని అక్షరాలా పాటించింది. తర్వాత నల్గొండలో బాధితులకు అండగా ఉండే భరోసా కేంద్రం, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం. మాస్టారిని అరెస్టు చేశారు, సస్పెండు చేశారు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. పొద్దున ప్రేయరుకు నిలబడితే తోటి టీచర్లలో సగం మంది నా ముఖం చూసేవాళ్లు కాదు. ఫోన్లో ఎవరో "తప్పుడు కేసు పెడితే నీకే జైలు" అనేవాళ్లు. తప్పుడు ఫిర్యాదుల గురించి పోక్సోలో ఉన్న సెక్షను నేను మళ్లీ మళ్లీ చదివాను. అవమానించాలనో, డబ్బు గుంజాలనో, బెదిరించాలనో కావాలని అబద్ధం చెప్పినవాళ్లకే ఆ శిక్ష. పిల్లలకు అదీ లేదు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద సివిల్ కేసుగానీ క్రిమినల్ కేసుగానీ నడవదని 19వ సెక్షనులోనే ఉంది. మాస్టారి భార్య మా ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ఆమెకు మంచినీళ్లు ఇచ్చాను. ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

పోలింగు నవంబరు 3న. సరిగ్గా ముందురోజు, నవంబరు 2న, సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. మన ఆసిఫాబాద్‌కు అవతల, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురాలో గిరిజన బాలికల హాస్టలు కేసు అది. అక్కడి పిల్లలకు వైద్యం చేసి, నేరం సంగతి తెలిసీ పోలీసులకు చెప్పలేదని ఒక డాక్టరు మీద కేసు. హైకోర్టు దాన్ని కొట్టేస్తే, చెప్పకపోవడం కూడా తీవ్రమైన నేరమేనని జస్టిస్ అజయ్ రస్తోగి, జస్టిస్ సి.టి. రవికుమార్ ఆ కేసును తిరిగి నిలబెట్టారు. ఆ వార్త కత్తిరించి బీరువాలో దాచుకున్నాను. ఆ రోజుల్లో నా పక్కన నిలబడినవాళ్లు చాలా తక్కువ. ఆ కాగితం ముక్క కూడా ఒక మనిషిలా తోడున్నట్టు అనిపించింది.

ఆ పిల్ల తండ్రి హైదరాబాదులో ఆటో నడుపుతాడు. రాజీ కోసం ఆయన చుట్టూ తిరిగారు. డబ్బు చూపించారు, కులపెద్దలతో చెప్పించారు. "మేడం, నాకు ఇంకిద్దరు ఆడపిల్లలు, పెండ్లిళ్లు గావాలె" అన్నాడు నాతో. ఇది ఆయన రాజీపడితే పోయే కేసు కాదని చెప్పాను. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు అదే మాట తేల్చిచెప్పింది. రాజస్థాన్ గంగాపూర్ సిటీలో ఒక ప్రభుత్వ బడి టీచరు మీద కేసును, పిల్ల తండ్రి రాజీపడ్డాడని హైకోర్టు కొట్టేస్తే, ఆ రాజీ చెల్లదంది. ఆ తీర్పు మాకు రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఈ తండ్రి తనంతట తానే నిలబడ్డాడు.

రాజీ కుదరకపోయేసరికి బంధువులు పెళ్లి మాట ఎత్తారు. పదమూడేళ్ల పిల్లకు! పరువు దక్కాలంటే ఎవరికో ఒకరికి కట్టబెట్టాలట. ఐసీడీఎస్ సూపర్‌వైజరమ్మను వెంటబెట్టుకుని వెళ్లి తల్లితో మాట్లాడాం. పిల్లను ఇంకో మండలంలో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చేర్చాం. టీసీ నేనే నా చేత్తో రాశాను. కారణం గడిలో 'తల్లిదండ్రుల కోరికపై' అని మాత్రమే పెట్టాను. కొత్త బడిలో ప్రత్యేకాధికారిణికి తప్ప ఇంకెవరికీ సంగతి తెలియకూడదని మాట తీసుకున్నాను. పోలీసులకు చెప్పమన్న చట్టం ఆ మర్నాటి నుంచి పిల్లను ఎలా చదివించాలో బడి పెద్దకు చెప్పదు. అటెండెన్సులో ఆ పేరు పిలిచినప్పుడు తరగతిలో గుసగుసలు రాకుండా ఎలా ఆపాలో ఏ సర్క్యులర్‌లోనూ లేదు. వాటన్నింటినీ నేనూ హిందీ టీచరూ రోజుకొకటిగా ఎదుర్కొన్నాం.

కోర్టులో పిల్లకు అతను కనబడకుండా తెర కట్టి సాక్ష్యం తీసుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు ఎదుటి వకీలు, "బడిలో ఎందుకు విచారణ జరపలేదు? ఆయన మీద మీకు పాత కక్ష లేదా?" అని అడిగాడు. విచారణ చేసే అధికారం నాకు లేదని, కక్ష లేదని చెప్పాను. అవే ప్రశ్నలు మాటలు మార్చి మధ్యాహ్నం దాకా అడిగాడు. నేను మాత్రం మాట మార్చలేదు.

వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగించాలని 35వ సెక్షను చెబుతుంది. మా కేసులో ఆ ఏడాది ఎప్పుడో దాటింది, వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి. వాయిదా పడిన ప్రతిసారీ ఆ తండ్రికి ఒక రోజు ఆటో కిరాయి పోతుంది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ అమ్మాయి 2025లో పదో తరగతి పాసైంది. ఫలితాలొచ్చిన సాయంత్రం తండ్రి ఫోన్ చేసి, ఇంటర్లో బైపీసీ ఉన్న కస్తూర్బా ఎక్కడుందని అడిగాడు. కనుక్కుని చెప్పాను. వచ్చే వాయిదా తేదీ కూడా ఆయనే నాకు గుర్తుచేశాడు.