మేస్త్రీలైన అన్నలకు ఒక మనవి



మన సంఘంలో తాపీ పనికి, సెంట్రింగ్ పనికి పోతున్న తమ్ముళ్లు భద్రాచలం నుంచి, పాల్వంచ నుంచి వట్టి చేతులతో తిరిగి వస్తుంటే మాకు బాధగా ఉంది. గోడ వంకర పోయిందని కూలి కోసేస్తారు. రెండుసార్లు అలా అయితే పిల్లవాడు తాపీ మూల పడేసి ఇంట్లో కూర్చుంటాడు.

మన గోదావరే దిగువన నర్సాపురం చేరుతుంది కదా. అక్కడ తెలుగు నేర్చుకొని సువార్త చెప్పిన విలియం బౌడెన్ ఇంగ్లండులో రాతిపనివాడు. జతగాడు జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. 1836లో మద్రాసులో దిగారు. నెలజీతం పంపే సొసైటీ ఏదీ వాళ్ల వెనుక లేదు. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన ఆంథోనీ గ్రోవ్స్, సేవ కోసం పళ్ల డాక్టరు పని ఎప్పుడో వదిలేసిన మనిషి. మద్రాసులో మళ్లీ ఆ పనిముట్లే చేతబట్టి, వచ్చిన రాబడితో తోటి సేవకులను ఆదుకున్నాడు. ఎన్ని ప్రసంగాలైనా మాకు దీనిముందు చిన్నవే.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టే రోజుల్లో, 1847 తర్వాత, అక్కడి కూలీల మధ్యకు వెళ్లింది కూడా ఈ మిషను వారే. పనివాడి కష్టం పనివాడికి తెలుసు. పౌలు సైతం కొరింథులో అకుల ఇంట ఉండి డేరాలు కుట్టాడు (అపొ. కార్యములు 18:3).

మేస్త్రీలైన అన్నలు ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కాసేపు ఆగండి. ఒక్కొక్కరి వెంట ఒక్కో తమ్ముణ్ణి పంపాలనుకుంటున్నాము. పని చెడితే తిట్టండి, కానీ కూలి కోయకండి. తాపీలు, మట్టపుగుండ్లు కొనడానికి కానుకల్లోంచి ఇస్తామని పెద్దలు ఒప్పుకున్నారు.