చెలికత్తెకు కనిపించిన తడి

నగరం నడుమ మాయ జరిగే కథల్ని అర్బన్ ఫాంటసీ అంటున్నాం. రెండేళ్లుగా అలాంటి నవల ఒకటి రాస్తున్నాను. అందులో అమ్మాయిది మా యాలాల్. తాండూరులో రైలెక్కి హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్తుంది. మూసీ మా వైపు అనంతగిరి కొండల్లో పుట్టి నగరంలోకి పోతుంది కదా, ఆ నది మాటలు ఆమెకు మాత్రమే వినిపిస్తాయి. మాయతో నాకేం పేచీ లేదు. ప్రేమనూ స్నేహాన్నీ ఒకే కథలో నిలబెట్టడమే కష్టంగా ఉంది.

ప్రేమికుడు రాగానే స్నేహితురాలు పక్కకి జరిగిపోతుంది. ప్రబంధాల చెలికత్తెల నుంచీ ఇదే తంతు. నాయిక విరహంతో వేగిపోతుంటే శైత్యోపచారాలు చేయడమే వాళ్ల పని. వాళ్లకూ ఓ మనసు, ఓ విరహం ఉంటాయని కవులకు తోచినట్టు లేదు.

ఇక జరగబోయేదాన్ని ముందే చూచాయగా చెప్పడం. దీనికి దగ్గరగా నాట్యశాస్త్రంలో పతాకాస్థానకం ఉంది: ఒకటి తలచి అన్న మాట రాబోయే మరొకదానికి అతుక్కోవడం. ఆ సూచన ఎక్కడ పెడతామన్నది కేవలం శిల్పం ప్రశ్నేనా?

బి.వి. నందినీ రెడ్డి 2019లో తీసిన 'ఓ బేబీ' చూడండి. 2014 నాటి కొరియన్ సినిమా 'మిస్ గ్రానీ'కి అది తెలుగు రూపం. ముసలామె సావిత్రి ఫోటో స్టూడియోకి వెళ్లి పడుచుపిల్లగా బయటికొస్తుంది. విక్రమ్‌తో ప్రేమ మొదలవుతుంది. చిన్ననాటి స్నేహితుడు చంటి ఆమె గుట్టు తెలిసి కూడా వెన్నంటే ఉంటాడు. ఆమెకు గాయమై రక్తం పోతే అక్కడ చర్మం మళ్లీ ముడతలు పడుతుంది. ఆ చిన్న విషయాన్ని నవ్వుల మధ్య దాటేస్తాం. తీరా మనవడికి రక్తం అవసరమైనప్పుడు అదే ఆమె యవ్వనానికి వెల అవుతుంది. వద్దు, వెళ్లి నీ బతుకు బతుకమ్మా అని కొడుకే వేడుకుంటాడు. అక్కడ నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే ఒళ్లు మండింది. వెల ఆమె ఒంట్లోనే ముందుగా రాసిపెట్టారు. అమ్మతనానికి ఎదురు నిలిచి వాదించే అవకాశం ప్రేమకు దక్కలేదు.

తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాసే నా చిన్ననాటి దోస్తుతో కలిసి ఆ సినిమా చూశాను. బయటికొచ్చాక తను అడిగింది: "గామె మనసుల మాట చెప్పుకోనీకె ఒక్క ఆడమనిషన్న లేదేందే?" చంటి ఉన్నాడుగా అన్నాను. "ఉంటే?" అంది.

ఆ "ఉంటే?" నన్ను ఓల్గా 'విముక్త' దగ్గరికి తీసుకెళ్లింది. అవి నగరపు మాయకథలు కావు, రామాయణ స్త్రీల కథలు. అయినా నాకు కావలసింది అక్కడ దొరికింది. 'మృణ్మయనాదం'లో అహల్య సీతతో మాట్లాడుతుంది, విచారణకు ఒప్పుకోవద్దంటుంది. సీతకు అప్పటికి అది పూర్తిగా అందదు. అగ్నిపరీక్ష వేళకి ఆ మాట బరువు తెలుస్తుంది. ఇక్కడ రాబోయేదాని నీడ ఒక స్త్రీ మరో స్త్రీకి ఇచ్చిన మాటలో ఉంది. మాటను వినొచ్చు, కాదనొచ్చు, తర్వాత తలచుకోవచ్చు. ఒంటి మీద గుర్తుతో అలా కుదరదు.

అందుకే నా నవలలో సూచనను ఇద్దరికి కనిపించేలా పెట్టాను. వాన లేని రోజున అమ్మాయి చున్నీ కొంగు తడిసి ఉంటుంది. అతనికి అది అందంగా కనిపిస్తుంది, ఆమె అంచు పట్టుకుని నవ్వుతాడు. ప్రేమ సన్నివేశం కనుక పాఠకురాలు అక్కడ తడిని పట్టించుకోదు. అంతకు ముందురోజు రైల్లో స్నేహితురాలు ఆ తడిని పిండి, వాసన చూసి, "గివి మన దిక్కు నీళ్లే, యాడికెళ్లి వచ్చినయే?" అని అడిగి ఉంటుంది. జవాబు రాకపోయినా ఆ ప్రశ్నను వదలదు. మూసీ తన వెల అడిగిన రోజున ఆ అమ్మాయితో పోట్లాడే హక్కు ఈమెకు ఉంటుంది. ప్రేమికుడికీ ఆ హక్కు ఇవ్వొచ్చు గానీ, ముందు అతను ఆ తడి ఎక్కడిదో అడగాలి.

ఆ పోట్లాట ఇంకా రాస్తున్నాను. స్నేహితురాలు కోపంతో వికారాబాదులోనే దిగిపోతుందా, లింగంపల్లి దాకా మాట్లాడకుండా పక్కనే కూర్చుంటుందా అన్నది తేలలేదు. దిగిపొమ్మంటోంది మా దోస్తు. "దిగి, ఎన్క బండిల వస్తది, సూడు" అంటోంది.