తిరుత్తణి వాసి పేరు మీద ఒక పురస్కారం

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబర్ 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊరు. తర్వాత చిత్తూరు జిల్లాలో ఉండి, సరిహద్దుల సర్దుబాటుతో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇప్పుడు తిరువళ్ళూరు జిల్లాలో ఉంది.

1954లో భారతరత్న మొదలైనప్పుడు తొలి గ్రహీతలు ముగ్గురు: రాజగోపాలాచారి, రాధాకృష్ణన్, సి.వి. రామన్. బ్రిటన్ వారి ఆర్డర్ ఆఫ్ మెరిట్ 1963లో, టెంపుల్టన్ బహుమతి 1975లో రాధాకృష్ణన్‌కు దక్కాయి.

ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారాలు 1958లో మొదలయ్యాయి. ఆయన రాష్ట్రపతి అయిన 1962 నుంచి ఆయన పుట్టినరోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుతున్నారు. జాతీయ పురస్కారాలను కూడా ఆ రోజే ఇస్తారు.

తమిళనాడు ప్రభుత్వం ఉత్తమ ఉపాధ్యాయులకు ఇచ్చే రాష్ట్ర పురస్కారానికి ఆయన పేరే పెట్టింది. అందులో వెండి పతకం, ప్రశంసాపత్రం, 10,000 రూపాయల నగదు ఉంటాయి. తిరువళ్ళూరు, తిరుత్తణి బడుల్లో పాఠాలు చెప్పే వారికి ఈ పురస్కారం దక్కితే, అది సొంత ఊరివాడి పేరు మీద వచ్చిన గౌరవం. పదవులెన్ని వచ్చినా రాధాకృష్ణన్ పేరు నిలిచింది ఉపాధ్యాయుడిగానే.