పడమటి గాలి రోజు

నాగాయలంక
మే 24, రాత్రి

అక్కా,

బెంజ్ సర్కిల్లో నువ్వు దింపి వెళ్ళాక ముప్పావుగంటకి గానీ అవనిగడ్డ బస్సు రాలేదు. ఫ్లైఓవర్ నీడన నిలబడ్డాను కాబట్టి సరిపోయింది. చేతిలో పొడుగు సంచి చూసి ఒకాయన "బ్యాటా?" అన్నాడు. గాలం కర్ర అన్నాను. పాపం, నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

బందరు రోడ్డునే తిన్నగా పోతే సముద్రం. మా బస్సు పామర్రు దగ్గర కుడికి తిరిగి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా దివిసీమలోకి దిగింది. పులిగడ్డ దగ్గర ఏటి పాయలో నీళ్ళకన్నా ఇసకే ఎక్కువ.

మా గైడు అసలు సరంగు. గిలకలదిండి హార్బరు నుంచి మరబోటు నడుపుతాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్లకీ ఇంజను పడవలకీ వేట నిషేధం కదా. తెడ్డేసుకునే నాటు పడవలకి అది వర్తించదు. అందుకని ఈ రెండు నెలలూ బావమరిది పడవలో నాలాంటివాళ్ళని ఉప్పుటేర్లలో తిప్పుతున్నాడు. నిషేధ భృతి 20,000 ఇస్తున్నారు గానీ అది అప్పులకే పోతుందట. "గైడ్" అంటే ఏంటని అడిగాడు. చెప్పాను. "అయితే టోపీ పెట్టుకోవాలా బాబూ?" అన్నాడు.

దోమలు కుట్టేస్తున్నాయి. పడుకుంటాను.

ఏటిమొగ
మే 26, సాయంత్రం

అక్కా,

ఇవాళ నీళ్ళలోకి దిగలేదు. పొద్దున ఈ ఉత్తరం రాసుంటే తిట్లే ఉండేవి.

అయిదింటికల్లా రేవులో ఉన్నాను. ఎదురుమొండి వెళ్ళే పంటు ఇంకా కట్టేసే ఉంది. మచ్చుకి మబ్బు లేదు, నీళ్ళ మీద ముడత లేదు. ఇంతకన్నా మంచి రోజు ఉంటుందా అనుకున్నాను. సరంగు పడవ పక్కన గొంతుక్కూచుని బీడీ కాలుస్తున్నాడు. పొగ ఎటు పోతోందో వేలితో చూపించాడు. సముద్రం వైపు. "ఇయ్యాల వద్దు బాబూ" అన్నాడు.

వాదించాను. ఫోను తీసి విశాఖ తుఫాను హెచ్చరిక కేంద్రం సూచన చూపించాను, ఏ ప్రమాదమూ లేదుగా అన్నాను. అతనూ ఫోను తీశాడు. హైదరాబాదులో ఇన్‌కాయిస్ వాళ్ళు అలల ఎత్తు చెబుతారే, అది అతనికి కొట్టిన పిండి. "అలలు లేవు. నిజమే. పడమటి గాలికి ఒడ్డున అలలుండవు. మరి వెనక్కెట్టా వస్తావు?"

అప్పుడు అర్థమైంది. పోటు నిండాక నీళ్ళు వెనక్కి తీస్తాయి, దాన్ని వీళ్ళు పాటు అంటారు. చేప దొరికేది ఆ పాటులోనే. కానీ పాటూ, పడమటి గాలీ రెండూ కడలి వైపే లాగితే ఏటి మొగ దాటాక గెడకి నేల అందదు, తెడ్డు చాలదు. సముద్రం గాలి తిరిగేదాకా ఎండలో కొట్టుకుపోవడమే. మామూలు రోజుల్లో నేల కాగి, మధ్యాహ్నానికల్లా ఆ గాలి లోపలికి వస్తుంది. పడమర బలంగా ఉన్న రోజున దాన్ని ఒడ్డు ఎక్కనివ్వదు. బందరులో సముద్రం పక్కనే ఉండి కూడా వడగాడ్పుకి మనుషులు రాలిపోవడం అందుకే. నిన్ననే రోహిణి కార్తె వచ్చింది, రోళ్ళు పగలాల్సిన రోజులు మరి.

అయిదొందలు చేతిలో పెట్టాను, ఊరికే మర్యాదకి. వద్దంటాడనుకున్నాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొదట చిరాకేసింది గానీ, తర్వాత అనిపించింది: డాక్టరు మందు రాయకుండా పంపినా ఫీజు ఇస్తాంగా.

మూడున్నరకి గాలి ఒక్కసారిగా పడిపోయింది. తాటాకు కదల్లేదు. పడమర నల్లగా కమ్ముకొచ్చి, ముందు దుమ్ము, వెనకే రూపాయి బిళ్ళంత చినుకులు. టీ బడ్డీ మీది పరదా ఎగిరి ఏట్లో పడింది. పావుగంటలో అంతా అయిపోయి, సముద్రం మీంచి చల్లగా పైరగాలి మొదలైంది. పొద్దున వెళ్ళుంటే ఆ పావుగంట మేం పడవలో ఉండేవాళ్ళం.

బడ్డీ వెనక నిలబడి 1990 గుర్తుచేసుకున్నాను. మే 9, వేసవి సెలవులు, మన పెంకులన్నీ ఎగిరిపోతే నాన్న మంచం కింద దూరమన్నాడు చూడు, ఆ తుఫాను తీరం దాటింది ఈ కృష్ణ మొగ దగ్గరే. సరంగుకి మాత్రం ఏ గాలి చెప్పినా లెక్క 1977 నవంబర్ 19 ఉప్పెన నుంచే. అప్పుడతనికి అయిదేళ్ళు. వాళ్ళ నాన్న తాటిచెట్టుకి కట్టేసి వెళ్ళాడట. ఎవరికోసం వెళ్ళాడో చెప్పలేదు, నేను అడగలేదు.

ఏటిమొగ
మే 27

అక్కా,

పడింది! అది తర్వాత చెప్తాను.

రేపు అమావాస్య, అందుకని ఇవాళ పోటు బాగా ఎక్కింది. గాలి దక్షిణానికి తిరిగింది. బీడీ పొగ చూసి నేనే "వెళ్దామా?" అన్నాను. తలూపాడు, గర్వమేసింది. మడచెట్ల వేళ్ళ దాకా నీళ్ళు. అభయారణ్యం హద్దు ఇవతలే ఆగాం. బావురుపిల్లి కనిపిస్తుందేమోనని చూశాను గానీ బురదలో అడుగులు తప్ప లేదు.

నా కొత్త రీలు రెండో విసురుకే చిక్కుపడింది. నాలుగు వేలు పోసి కొన్న సంగతి బావకి చెప్పకు. సరంగు ఒక ప్లాస్టిక్ సీసాకి చుట్టిన టంగూసు ఇచ్చాడు, చివర సీసపు గుండు, గాలం. ఎరకి బతికిన రొయ్య. గాలం దాని తలలో కొమ్ము కిందనుంచి, లోపల కనిపించే నల్లటి చుక్క తగలకుండా, పైపైన గుచ్చాలి. చుక్క తగిలితే చస్తుంది, చచ్చిన రొయ్యని పండుగప్ప ముట్టదట. మూడు రొయ్యల్ని నేను చంపాను. నాలుగోది అతను గుచ్చాడు.

పాటు మొదలై మడల్లోంచి పిల్లచేపలూ రొయ్యలూ కాలవలోకి జారుతుంటే, మలుపులో పండుగప్పలు కాచుక్కూచుంటాయి. మొదట పడ్డది జానెడు. వదిలేశాడు. చిన్నవన్నీ మగవేనట, బాగా పెరిగాకే ఆడవి అవుతాయట. నేను నమ్మలేదు గానీ నిజమే, అది ఆ చేప జాతి లక్షణం. రెండోది లాగినప్పుడు టంగూసు వేలు కోసింది. రెండు కిలోలుంటుంది. మధ్యలో జెల్లలు నాలుగు, వాటి ముల్లు చేతికి గుచ్చుకుంటే సాయంత్రం దాకా సలుపు. అనుభవించి చెబుతున్నాను.

ఈ మూడు ఉత్తరాలూ చేపా సరంగు కొడుకు తెస్తున్నాడు. రేపు పదింటికి బెంజ్ సర్కిల్లో బందరు రోడ్డు వైపు దిగుతాడు, ఎదురు వెళ్ళు. నువ్వు కొనే చెరువు పండుగప్పలాగా మెత్తగా ఉండదు, పులుసు ఎక్కువసేపు మరగనివ్వకు. మామిడికాయ వేయి, చింతపండు వద్దు. తల నాకుంచు. ఐసు పెట్టె మాత్రం ఆ పిల్లాడికి తిరిగి ఇచ్చేయ్, అది వాళ్ళ మామది.

నీ తమ్ముడు