నిప్పు ఏ వైపు?

క్యాన్సర్ గట్టి అంగిలి మీద పుట్టడం ప్రపంచంలో చాలాచోట్ల అరుదు. నోటి క్యాన్సర్ మన దేశంలో ఎక్కువే అయినా అది బుగ్గ లోపలో, నాలుక అంచునో, చిగుళ్ల దగ్గరో రావడం మామూలు. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో మాత్రం అంగిట్లో కనిపించేది, అదీ ఎక్కువగా ఆడవాళ్లలో. కారణం అడ్డపొగ. చుట్ట వెలిగించి, కాలే కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం.

ఎందుకలా అని అడిగితే పెద్దవాళ్లు తలో మాట చెప్పారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదని ఒకరు, పనిలో ఉంటే బూడిద చంటిబిడ్డ మీద రాలదని ఇంకొకరు, పంటినొప్పికి మొదలెట్టామని మరొకరు. "మాయమ్మ తాగీది, నానూ నేర్సుకున్నాను" అంది ఒక ముసలావిడ. అన్నిటిలోకీ నిజమైన జవాబు అదే అనిపిస్తుంది నాకు.

బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫాలీ మెహతా, డెన్మార్క్ నిపుణుడు పిండ్‌బోర్గ్, వారి బృందం ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రచురించారు. ఆసుపత్రిలో లెక్కపెడితే జబ్బు ముదిరినవాళ్లే కనబడతారు. ఇంటింటికీ వెళితే అంగిలి తెల్లబారడం మొదలైనవాళ్లూ, ఏళ్ల తరబడి తాగినా ఏమీ కానివాళ్లూ, అసలు తాగనివాళ్లూ లెక్కలోకి వస్తారు. కారణం తేలేది ఆ పోలికలోనే.

నేను నేర్చుకున్నది ప్రశ్న గురించి. "పొగ తాగుతారా?" అని మాత్రమే అడిగితే, మామూలుగా చుట్ట కాల్చే ఆయనా అడ్డపొగ తాగే ఆవిడా ఒకే గడిలో పడిపోతారు. అదే పొగాకు, అదే చుట్ట. మారింది నిప్పున్న వైపు; దాంతోపాటు పుండు లేచే చోటూ మారింది. ఇలాంటి పోలికను మనుషుల మీద ఏ శాస్త్రజ్ఞుడూ కావాలని ఏర్పాటు చేయకూడదు. బతుకే దాన్ని మన ముందు పెట్టింది. కానీ "ఎలా తాగుతారు?" అని అడగాలంటే ఆ ఊళ్లో ఆ అలవాటుందని ముందే తెలిసుండాలి. అందుకే ఇప్పుడు ఏ ఆరోగ్య సర్వే చదివినా ముందు ప్రశ్నలు చూస్తాను. అన్నం తింటారా అని అడిగి ఊరుకున్నారా, గంజి వారుస్తారా అని కూడా అడిగారా?

"మా మామ్మ ఎనభై ఏళ్లొచ్చేదాకా తాగింది, ఏమైంది?" అనేవాళ్లు ప్రతిచోటా ఎదురవుతారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. ముప్పు లెక్క ఫలానా మనిషి నుదుటిరాత చెప్పదు. తాగేవాళ్లలో ఎందరికి జబ్బొస్తుంది, తాగనివాళ్లలో ఎందరికి అన్నదే చెబుతుంది. ఆ మామ్మనూ కలుపుకునే ఆ లెక్క కడతారు. ఈ సంగతి ఓపిగ్గా, ఆవిడ జ్ఞాపకాన్ని కొట్టిపారేయకుండా చెప్పాలి.

చెబితే వింటారనీ తేలింది. మెహతా, ప్రకాశ్ గుప్తా బృందం శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో సుమారు 36 వేలమంది పొగాకు వాడకందార్ల నోళ్లు పరీక్షిస్తూ, మానేయమని మాట్లాడుతూ వచ్చింది. 1986లో లాన్సెట్ ఆ ఫలితాలు అచ్చువేసింది. శ్రీకాకుళంలో చాలామంది మానేశారు, తగ్గించారు. క్యాన్సర్‌కు ముందు నోట్లో కనిపించే మార్పులు కొత్తగా రావడమూ తగ్గింది.