నీటికి రంగు

మా రెండో పాప పుట్టిన ఏడాది నేను పట్టించుకోకుండా వదిలేసినవాటిలో ఉప్పునీటి అక్వేరియం ఒకటి. 75 గ్యాలన్ల ట్యాంకు, డాలస్‌లో మా డైనింగ్ టేబుల్ పక్కనే ఉంటుంది. మేత వెయ్యడం, ఆవిరైపోయినంత మంచినీళ్ళు పొయ్యడం తప్ప పదకొండు నెలలు దాన్ని ముట్టుకోలేదు. మార్చిలో ఒక శనివారం తీరిగ్గా కూర్చుని చూస్తే రాళ్ళే కనబడలేదు. అన్నిటిమీదా బెత్తెడేసి పొడవు పచ్చటి నాచు, తడిసిన జుట్టులా. సందుల్లో ఐప్టేసియాలు: చూడ్డానికి గాజుపువ్వులు, పక్కనున్న పగడాన్ని కుట్టి చంపే కలుపు. రెండు క్లౌన్ చేపలు మాత్రం తమకేమీ పట్టనట్టు తిరుగుతున్నాయి.

సాఫ్ట్‌వేర్‌వాణ్ణి కదా, మొదట వచ్చిన ఆలోచన మా వాళ్ళందరికీ వచ్చేదే: పాత కోడ్ పారేసి మళ్ళీ మొదట్నుంచీ రాద్దాం. చేపల్ని ఎవరికైనా ఇచ్చేసి, నీళ్ళు తోడేసి, రాళ్ళు బ్లీచ్‌లో నానబెడితే సరి. ఆదివారం వీడియో కాల్‌లో నాన్నతో అదే అన్నాను. ఫోన్ దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు.

"ఆ రాయి వెనక ఏదో కదులుతోంది చూడరా."

నాచు పక్కకి తప్పిస్తే హ్యామర్ పగడం. ఒకప్పుడు తొమ్మిది తలలుండేవి. రెండు బతికున్నాయి.

నాన్న పగడాన్ని ఎప్పుడూ చూడలేదు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రుకీ మంచినీళ్ళకీ మా తీరంలో పగడపు దిబ్బలు కట్టవు. కానీ ఆయనకి ఉప్పునీళ్ళు తెలుసు. నా చిన్నప్పుడు నర్సాపురం అవతల నాలుగెకరాల్లో టైగర్ రొయ్యల చెరువు చేసేవాడు. అది పోయిందనీ, అమ్మ గాజులు పోయాయనీ, మేం భీమవరంలో అద్దెకి దిగామనీ మాత్రమే నాకు తెలుసు. అంతకుమించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

సరే, బాగుచెయ్యడం మొదలెట్టాను. రాళ్ళు ఒక్కొక్కటే తీసి, ట్యాంకు నీళ్ళే పోసిన బకెట్లో పెట్టి టూత్‌బ్రష్‌తో తోమాను. లైటు పదిగంటల్నుంచి ఆరుకి తగ్గించాను. నాచు తినడానికి టర్బో నత్తలు, ఐప్టేసియాలు తినడానికి పెప్పర్‌మింట్ రొయ్యలు తెచ్చాను. "రొయ్యకి జీతమిచ్చి పని చేయించుకుంటున్నావన్నమాట" అని నాన్న నవ్వాడు.

ఫాస్ఫేట్ కొలిస్తే 0.6 పీపీఎం. 0.1 లోపుంటే మంచిది. ఏడాదిపాటు వేసిన మేతలోంచి వచ్చిన ఫాస్ఫేట్‌ని ట్యాంకులోని సున్నపురాళ్ళు పీల్చుకుంటాయి. నీళ్ళు మార్చినప్పుడల్లా మళ్ళీ కొంచెం కొంచెం వదులుతాయి. అంటే నెలల పని. అది తెలిసి కూడా ఓపికలేక, ఫాస్ఫేట్‌ని పట్టేసే ఐరన్ ఆక్సైడ్ గుళికలు డబ్బామీద రాసినదానికి రెట్టింపు వేశాను. పదిరోజుల్లో ఫాస్ఫేట్ సున్నా, నైట్రేట్ సున్నా. నాచు తెల్లబడి రాలిపోయింది. ఫొటో తీసి ఫ్రెండ్స్‌కి పంపాను కూడా.

మూడోవారం ఇసుకమీద గోధుమరంగు జిగురు కనబడింది. చీమిడిలా సాగుతూ, లోపల గాలిబుడగలు. డైనోఫ్లాజెలేట్లు. వాటిలో కొన్ని విషం. నత్తలు ఒకటొకటే బోర్లాపడి చచ్చిపోయాయి. పగడం రెండు తలల్లో ఒకటి ముడుచుకుని, కండ జారిపోయి, తెల్లటి గూడు మిగిలింది.

నీళ్ళల్లో పోషకాలు బొత్తిగా లేకపోతే, పోటీకొచ్చే మిగతా సూక్ష్మజీవులు ముందు పోతాయి. ఖాళీ అయిన చోటుని ఇవి ఆక్రమిస్తాయి. పగడానికీ దెబ్బే. దాని కండలోపల నాచులాంటి ఏకకణ జీవులుంటాయి, వెలుతురుతో అవి వండిపెట్టేదే దాని తిండిలో ఎక్కువభాగం. నేను ఎవర్ని తరిమేస్తున్నానో, వాళ్ళ చుట్టాల్నే కడుపులో పెట్టుకుని బతుకుతోంది అది.

"పచ్చంతా ఒక్కసారే పోగొట్టావా?" అన్నాడు నాన్న. "బోడినీళ్ళల్లో ఏం బతుకుతుందిరా? మేం పిల్ల వదిలేముందు నీటికి రంగు తెప్పించేవాళ్ళం." కాసేపాగి, అడక్కుండానే చెప్పాడు. "తెల్లమచ్చ వచ్చిన ఏడు, పొద్దున్నే వెళ్తే రొయ్యలన్నీ గట్టు వారకి వచ్చేసి ఉన్నాయి. కంగారులో తూము ఎత్తేశాను. నీళ్ళన్నీ కాలవలోకి పోయాయి. కిందవాళ్ళు ఆ కాలవలోంచే తోడుకునేది. వారం తిరక్కుండా వాళ్ళవీ పోయాయి."

1994 తర్వాత తెల్లమచ్చ తీరమంతా పాకిన దారుల్లో అదొకటని తర్వాతెప్పుడో చదివాను. మా నాన్న చేతిమీదుగా కూడా పాకిందని అనుకోలేదు.

"అప్పట్లో ఎవరికీ తెలీదు కదా నాన్నా."

"తెలీదు. ఒక్కరోజు ఆగితే తెలిసేదేమో."

గుళికలు తీసేశాను. మేత పెంచాను. మూడురోజులు లైటు పూర్తిగా ఆపి, ఆ తర్వాత రోజూ కొలుస్తూ నైట్రేట్‌ని 5 దగ్గరికి, ఫాస్ఫేట్‌ని 0.05 దగ్గరికి తెచ్చి అక్కడ నిలబెట్టాను. రెండునెలలు పట్టింది. జిగురు పలచబడి పోయింది. ఒకరోజు అద్దంమీద సన్నటి పచ్చపొర కనబడితే మా ఆవిడని పిలిచి మరీ చూపించాను. నాచుకి సంతోషించడం అదే మొదటిసారి. మిగిలిన పగడం తల ఇప్పుడు మధ్యలో నొక్కుపడి రెండుగా చీలుతోంది. ఇంకా అక్కడక్కడా నాచుంది, మూడు ఐప్టేసియాలున్నాయి. ఎక్కడున్నాయో నాకు తెలుసు.

ఆదివారం ఫోన్ చెయ్యగానే నాన్న మనవరాళ్ళ తర్వాత అడిగేది "రంగెలా ఉంది?" అనే. మొన్నొకసారి నేనూ అడిగాను.

"ఆ కింది చెరువుల వాళ్ళకి ఎప్పుడైనా చెప్పావా?"

నాన్న చాలాసేపు ట్యాంకువంకే చూశాడు.

"ఆ వెనకద్దం గీకకు. ఉండనీ" అన్నాడు.