సంక్రాంతి సెలవులు – మన మనసు



హాస్టల్లో సంక్రాంతి సెలవుల లెక్క డిసెంబరు నుంచే మొదలవుతుంది. ట్రంకు పెట్టె మూతమీద సుద్దతో రోజులు గీసుకునేవాళ్లూ ఉన్నారు. తీరా ఇంటికెళ్లిన మూడో రోజుకే ‘హాస్టల్ ఎప్పుడు తెరుస్తారా’ అనిపించేవాళ్లు మనలో చాలామంది. పైకి అంటే అమ్మ బాధపడుతుందని ఎవరం అనం. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మన పల్నాడులో పండగ, మిరపకోత కలిసి వస్తాయి. మాచర్ల, గురజాల వైపు కౌలు చేసే ఇళ్లలో కాయ ఎర్రబడేసరికి పురుగుమందుల కొట్టు బాకీ, కౌలు, వడ్డీ అన్నీ గుమ్మంలోకి వస్తాయి. 2021లో నల్ల తామరపురుగు పూతను తినేసింది. 2022 సంక్రాంతికి మా ఇంట్లో అరిసెల పాకం పట్టలేదు. నాన్న మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. 2025లో కాయ ఉంది, ధర లేదు. కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించేసరికి ఫిబ్రవరి వచ్చింది, పండగ ఎప్పుడో వెళ్లిపోయింది. ఇంట్లో పెద్దవాళ్లు విసుక్కుంటే అది మనమీద కోపం కాదు తమ్ముళ్లూ, అప్పు మీద కోపం.

ఆ ఏడు నేను నాన్న పక్క సాలులోనే కాయ కోశాను. ఎదురెదురుగా కూర్చుంటే అడగలేని మాట, వంగి పనిచేస్తుంటే అడగగలిగాను: “మొత్తం ఎంత బాకీ నాన్నా?” చాలాసేపటికి చెప్పాడు. అంకె పెద్దదే. కానీ ఆ రాత్రి ఇద్దరం నిద్రపోయాం.

ఇక అరుగుల మీద ప్రశ్నలు. “పీజీ అయితే కలెక్టరేనా?” అంటారు. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనొక్కణ్ణే కాబట్టి జవాబు చెప్పేదీ నేనే. “చదువుతున్నా బాబాయ్, కోతకు మనుషులు దొరికారా?” అంటాను. మాట కూలి రేట్లమీదకు పోతుంది!

చెల్లెళ్ల కష్టం వేరు. సంబంధాల మాటలు పండక్కే వస్తాయి. 18 నిండకుండా పెళ్లి చేయడం నేరం. 1098కి ఫోన్ చేయండి. మనసు మరీ బరువెక్కితే టెలీ మానస్ 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా పలుకుతారు.

అమ్మానాన్నలు లేని పిల్లలకు హాస్టల్ తాళం వేసే రోజే అన్నిటికంటే కష్టం. మొన్న పండక్కి మా గదిలోని ఒక తమ్ముణ్ణి మా ఊరు తీసుకెళ్లాను. అమ్మ వాడికీ నాకూ ఒకే లెక్కన అరిసెలు పెట్టింది. కల్లంలో మాత్రం వాడు నాకంటే ఎక్కువ బస్తాలు తొక్కాడు.